పడుకోబెట్టాకే పూసింది: పెదవాల్తేరులో ఒక తెల్ల గులాబీ తీగ

2020 నవంబరులో పెదవాల్తేరులోని ఆ ఇంటికి మొదటిసారి వెళ్లినప్పుడు, వరండా స్తంభం పక్కన మూడడుగుల గులాబీ పొద ఒకటి ఉంది. కాండానికి కట్టిన ప్లాస్టిక్ చీటీ మీద 'క్లైంబింగ్ వైట్' అని రాసి ఉంది. నాటి ఏడాదిన్నర అయిందట. పువ్వులు తెల్లగా బాగానే ఉన్నాయి గానీ, ఎక్కడమన్నదే లేదు. దాని కోసమని చేయించిన ఏడడుగుల ఇనుప ఆర్చి ఖాళీగా నిలబడి ఉంది. అప్పటికే ఆర్చి కాళ్ల దగ్గర తుప్పు పొరలు లేస్తున్నాయి.

ఇంటావిడ ముప్ఫై ఏళ్లకు పైగా నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. నేను అమ్మగారు అంటాను, ఆవిడ నన్ను బాబూ అంటారు. కూతురు ఇంగ్లండ్‌లో ఉంటుంది. అక్కడికి వెళ్లినప్పుడు కెంట్‌లోని సిసింగ్‌హర్స్ట్ తోట చూశారు, దారిలో పల్లెటూరి కాటేజ్ తోటలు కూడా చూశారు. ఫోన్‌లో ఫొటోలు చూపించి, "ఈ గోడంతా ఇలా తెల్లగా నిండిపోవాలి బాబూ. గేటు తీసేసరికి వాసన రావాలి" అన్నారు.

విశాఖ, భీమిలి మధ్య ఇళ్ల తోటలు చేయడం నా వృత్తి. తెల్ల తీగ గులాబీ కావాలని అడిగినవాళ్లు చాలామందే ఉన్నారు. నాటినవి బతికాయి, అక్కడక్కడా పూశాయి, కానీ గోడ నిండేలా పూసినవి తక్కువ. ఈ ఇల్లు ఐదేళ్లుగా నా చేతిలో ఉంది కాబట్టి మొదటి నుంచీ ఏం జరిగిందో రాయగలుగుతున్నాను. ఇందులో నేను చేసిన పెద్ద పొరపాటు ఒకటి ఉంది. దానివల్ల ఒక సీజన్ పోయింది. అదే పొరపాటు ఈ ఊళ్లో ఇంటింటా చూస్తున్నాను కాబట్టి దాన్ని దాచకుండా వివరంగా రాస్తున్నాను.

స్థలం

పాతకాలం ఇల్లు, ముందు వరండాకి బెంగుళూరు పెంకు. ముందూ పక్కా కలిపి తోటకి దొరికింది సుమారు 180 గజాలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చేదాకా ఆ స్థలంలో సగం ఒక మామిడి చెట్టు నీడలో ఉండేదట. ఆ రోజు చెట్టు వేళ్లతో సహా పడిపోయింది. అమ్మగారు ఇప్పటికీ ఆ చెట్టు సంగతి వస్తే కాసేపు మాట్లాడరు. తోట పనివాడిగా నేను చెప్పగలిగింది ఒక్కటే, ఆ చెట్టు పోయాకే తూర్పు గోడకి ఉదయపు ఎండ వచ్చింది. గులాబీకి రోజుకి కనీసం ఆరు గంటల ఎండ కావాలి. చెట్టు ఉండి ఉంటే ఈ పని ఒప్పుకునేవాణ్ణి కాదు.

సముద్రం కిలోమీటరులోపే ఉంది. మధ్యాహ్నం దాటాక గాలి మొదలవుతుంది, ఎండాకాలంలో సాయంత్రానికి బలంగా వీస్తుంది. దాంతోపాటు ఉప్పు వస్తుంది. కిటికీ ఊచల మీద వేలు పెట్టి రాసి నాలుకకి తాకిస్తే తెలిసిపోయేంత ఉప్పు. దక్షిణం వైపు ప్రహరీ పొడుగునా అమ్మగారి భర్త నాటిన గన్నేరు వరస ఉంది, తలకి మించిన ఎత్తు. దాన్ని కొట్టేసి అక్కడ పూల మడులు వేద్దామని మొదట్లో ఆవిడే అన్నారు. వద్దని గట్టిగా చెప్పాను. గన్నేరు ఉప్పుగాలిని తట్టుకుంటుంది, వెనక ఉన్న మెత్తటి ఆకులకి అడ్డం నిలబడుతుంది. అంతటి అడ్డు కొత్తగా పెంచాలంటే ఏళ్లు పడుతుంది.

ఏ గోడ అన్న దగ్గర చాలాసేపు ఆలోచించాను. పడమటి గోడ పెద్దది, వీధికి కనపడుతుంది, అమ్మగారి మనసంతా దాని మీదే. కానీ మన ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో పడమటి గోడ సాయంత్రం ఏడింటికి కూడా పెనంలా కాలుతుంటుంది. ఆ వేడికి లేత చిగురు మాడిపోతుంది, ఎర్రనల్లి పట్టేస్తుంది. తూర్పు గోడకైతే పొద్దున్నే ఎండ తగిలి రాత్రి మంచు త్వరగా ఆరిపోతుంది, మధ్యాహ్నానికి నీడ వస్తుంది. విశాఖలో గులాబీకి ప్రధాన శత్రువు తడి. అందుకే తూర్పు గోడే ఎంచాను.

నేల విషయం తవ్వితే గానీ తెలియలేదు. పైన అడుగు మేర మంచి ఎర్రమట్టి, దాని కింద ఇల్లు కట్టినప్పుడు పారేసిన సున్నం పెచ్చులు, ఇటుక ముక్కలు. గోడ పక్కన తవ్వినప్పుడల్లా ఇదే కనిపిస్తుంది. సున్నం ఉన్న చోట మట్టి క్షారంగా మారి, గులాబీ ఇనుమును తీసుకోలేక ఆకు పసుపు రంగుకి తిరుగుతుంది, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. ఆ పాత పొద ఆకులు సరిగ్గా అలాగే ఉన్నాయి.

ఏ రకం

సిసింగ్‌హర్స్ట్ వైట్ గార్డెన్ నడిమధ్య పందిరి మీద ఉన్నది రోసా మల్లిగనై. ఇంగ్లిష్ రచయిత్రి విటా సాక్‌విల్-వెస్ట్ 1950ల మొదట్లో తీర్చిదిద్దిన తోట అది. ఆ గులాబీ ఏడాదికి ఒక్కసారే, జూలై మొదట్లో కొద్ది వారాలు పూస్తుంది. అలాంటి అడవిజాతి తీగలకి గట్టి చలికాలం కావాలి. ఆకు రాల్చి నిద్రపోయి లేస్తేనే పువ్వు. మన దగ్గర జనవరి రాత్రి కూడా మామూలుగా పదిహేడు, పద్దెనిమిది డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. ఆ మొక్క తెచ్చి ఇక్కడ నాటితే ఆకులే తప్ప పువ్వు చూడలేం. ఈ మాట చెప్పినప్పుడు అమ్మగారి మొహం చిన్నబోయింది. ఫొటో చూసి మొక్క కొనేవాళ్లందరికీ ఇది ముందే చెప్పడం మా పని అని నా నమ్మకం.

ఏడాదిలో పలుసార్లు పూసే తెల్ల తీగ రకాల్లో నేను ఎంచుకున్నది క్లైంబింగ్ ఐస్‌బర్గ్. అసలు ఐస్‌బర్గ్ పొద రకం. జర్మనీలో రైమర్ కోర్డెస్ 1958లో విడుదల చేశారు. పదేళ్ల తరవాత, 1968లో, ఇంగ్లండ్‌లో దాని తీగ రూపం వచ్చింది. ఇది సంకరం చేసి పుట్టించింది కాదు. పొదలో ఒక కొమ్మ తనంతట తానే తీగలా సాగిపోతే, ఆ కొమ్మ కన్నులతో అంటు కట్టి నిలబెట్టారు. పది నుంచి పదిహేను అడుగులు సాగుతుంది, ముళ్లు చాలా తక్కువ, పువ్వు గుత్తులుగా వస్తుంది. లోపాలూ ఉన్నాయి. నల్లమచ్చ తెగులు త్వరగా పడుతుంది, వాసన తక్కువ. గేటు దగ్గర వాసన కావాలంటే దానికి వేరే ఏర్పాటు చేద్దామని, గేటు పక్కన మల్లె, సన్నజాజి వేద్దామని ఒప్పించాను.

మన వేడికి తట్టుకునే గులాబీల గురించి మాట్లాడితే వీరరాఘవన్ గారిని తలచుకోకుండా ఉండలేను. ఎం.ఎస్. వీరరాఘవన్ ఆంధ్రప్రదేశ్ క్యాడర్ ఐఏఎస్ అధికారిగా పనిచేసి, ఉద్యోగం వదిలి కొడైకెనాల్‌లో స్థిరపడి, రోసా క్లైనోఫిల్లా, రోసా జైగాంటియా లాంటి మన దేశపు అడవి గులాబీలతో వేడి ప్రాంతాల రకాలు పుట్టించడానికే జీవితం పెట్టారు. ఆ రకాలు మన నర్సరీల్లో సులువుగా దొరికే రోజు రావాలని నా కోరిక. దొరికే దాకా ఉన్నవాటితో చేసుకోవాలి.

పాత పొద సంగతి. చీటీ మీద క్లైంబర్ అని ఉన్నా పొదలా ఉండిపోవడానికి రెండు కారణాలు ఉండొచ్చు. నర్సరీలో చీటీ మారిపోయి ఉండొచ్చు, లేదా తీగ రూపం తిరిగి పొదగా మారిపోయి ఉండొచ్చు. ఇలా కొమ్మ మార్పు వల్ల వచ్చిన తీగ రకాల్ని చిన్నప్పుడే గట్టిగా కత్తిరిస్తే మళ్లీ పొద గుణానికి తిరిగిపోతాయి. అంటు కట్టేటప్పుడు సాగిన తీగ కొమ్మ నుంచి కాక కింది పొట్టి కొమ్మ నుంచి కన్ను తీసినా అదే ఇబ్బంది. అందుకే ఈసారి కడియం వైపు నర్సరీల్లో తిరిగి, తల్లి మొక్క పందిరెక్కి ఉన్న చోటే, దాన్ని కళ్లారా చూశాకే రెండు అంట్లు తీసుకున్నాను. తీగ గులాబీ కొనేవాళ్లు పువ్వు కంటే ముందు చూడాల్సింది తల్లి మొక్కనే.

నాటడం, కట్టడం

2021 జనవరిలో నాటాం. గోడకి అడుగున్నర ఎడంగా, రెండున్నర అడుగుల పొడవు, వెడల్పు, లోతు గుంత. సున్నం పెచ్చులన్నీ ఏరి తట్టలకొద్దీ బయట పోయించాను. గుంత నింపింది రెండు వంతుల ఎర్రమట్టి, ఒక వంతు బాగా చివికిన గెత్తం, ఒక వంతు ఇసుక, కిలో వేపపిండి, పావుకిలో ఎముకల పొడి. అంటు కట్టిన కణుపు నేలకి రెండంగుళాలు పైనే ఉంచాం. చలిదేశాల్లో దాన్ని మట్టిలో కప్పుతారు, మన తడికి అలా కప్పితే కుళ్లిపోతుంది.

ఆర్చి తీసేద్దామన్నాను. రంగు వేస్తే సరిపోతుందిలే అని అమ్మగారు అన్నారు, నేనూ సరే అన్నాను. అది సరికాదు. ఆ ఏడాది సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను కళింగపట్నం, గోపాల్‌పూర్ మధ్య తీరం దాటిన రాత్రి విశాఖలో గాలివాన ఆగకుండా కురిసింది. తెల్లారి వెళ్లేసరికి ఆర్చి తుప్పు తిన్న కాళ్ల దగ్గర విరిగి ఒక మొక్క మీద పడి ఉంది. రెండు మంచి కొమ్మలు పోయాయి.

తరవాత గోడకే తీగలు బిగించాం. మెరైన్ గ్రేడ్ అని పిలిచే 316 స్టెయిన్‌లెస్ స్టీల్ తీగ, అడుగున్నరకి ఒకటి చొప్పున ఐదు వరసలు, గోడకి నాలుగంగుళాల ఎడంగా, ఒక చివర బిగింపు మరలతో. జింకు పూత వేసిన మామూలు ఇనుప తీగ (జీఐ తీగ) కంటే ఖరీదు బాగా ఎక్కువ. కానీ సముద్రానికి ఇంత దగ్గర్లో జీఐ తీగ ఎన్నాళ్లు నిలబడుతుందో ఆ ఆర్చి చూశాక ఎవరూ నన్ను అడగలేదు. నాలుగంగుళాల ఎడం కూడా ముఖ్యం. గోడకి అతుక్కున్న ఆకు వెనక గాలి ఆడదు, అక్కడే మచ్చ మొదలవుతుంది.

నా పొరపాటు

గులాబీని అక్టోబరు రెండో వారంలో కత్తిరించాలి. ఇది మేం నేర్చుకున్న పాఠం, హైదరాబాదులోనూ ఉత్తరాదిలోనూ నడిచే లెక్క. వానలు వెనక్కి తగ్గి చలి మొదలయ్యే ముందు కత్తిరిస్తే డిసెంబరుకి పువ్వు. 2021 అక్టోబరులో, ఆర్చి పడిన పది పదిహేను రోజులకే, ఆ లెక్క ప్రకారం రెండు మొక్కల్నీ ఏడడుగుల నుంచి మూడడుగులకి కత్తిరించాను. పొద గులాబీకి చేసినట్టే చేశాను. దెబ్బతిన్న మొక్క కొత్తగా చిగురిస్తుందని నా ఉద్దేశం.

అందులో తప్పులు రెండు. మొదటిది కాలం. విశాఖకి అక్టోబరు వాన వెళ్లిపోయే నెల కాదు, అది తుఫాన్ల నెల. కోసిన చివర తడిలో నానుతూ ఉంటే ఎండు తెగులు పడుతుంది. వారం తిరక్కుండా కోత దగ్గర నల్లబడటం మొదలై, రోజుకి కాస్త చొప్పున కిందికి దిగింది. ఒక కొమ్మ మీద ఆ నలుపు అంచున సూదితో గీత గీసి మర్నాడు చూశాను, వేలి వెడల్పు దిగింది. ఆకుపచ్చ బెరడు మీద ముందు ఊదారంగు, తరవాత గోధుమరంగు, దాని వెనక నలుపు. మంచి చెక్క కనపడేదాకా మళ్లీ కోసి కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద పూశాం. ఆ తరవాత ఆగింది. అప్పటికి ఒక మొక్కకి మిగిలింది అడుగున్నర.

రెండో తప్పు ఇంకా పెద్దది. తీగ గులాబీ మొదటి రెండేళ్లూ పొడవాటి కొమ్మల్ని వేసుకోవాలి, ఆ కొమ్మల మీదే తరవాతి ఏళ్ల పువ్వంతా వస్తుంది. నేను వాటినే తీసేశాను. ఆ చలికాలం రెండు మొక్కలూ మూడడుగుల ఎత్తులో, పొట్టి కాడల మీద, పొదలా పూశాయి. అమ్మగారు ఏమీ అనలేదు. "ఇదీ దానిలాగే అయిపోయిందా బాబూ?" అని పాత పొద వైపు చూశారు. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. నిజంగానే తీగ గుణం పోయిందేమోనన్న టెన్షన్‌తోనే జూన్ దాకా గడిపాను.

జూన్‌లో తొలి వానలకి ఒక మొక్క అడుగు నుంచి ఎర్రటి చిగురు ఒకటి లేచింది. అంటు కణుపు కింద నుంచి వస్తే అది నాటు చిగురు, అంటే అంటు కట్టిన అడుగు మొక్కది, తీసేయాలి. మట్టి పక్కకి తీసి వేలితో తడిమి చూశాను. కణుపు పైనుంచే వచ్చింది. రెండు వారాల్లో నా నడుం దాకా వచ్చింది, ఆగస్టు చివరికి పై తీగని దాటింది. మరో మొక్కకి కూడా రెండు వచ్చాయి. ఈసారి కత్తెర జేబులోంచి తీయలేదు.

పడుకోబెట్టడం

2022 అక్టోబరు నాటికి రెండు మొక్కలకీ కలిపి తొమ్మిది నుంచి పన్నెండు అడుగుల కొమ్మలు ఆరు ఉన్నాయి. అన్నీ నిటారుగా నిలబడి, ఒక్కోదాని చివర ఒక గుత్తి పువ్వు మాత్రం పూసి, మిగతా ఒళ్లంతా ఖాళీగా ఉంది. గోడ పైన కాస్త తెలుపు, కింద కట్టెలు. తీగ గులాబీ పెంచేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే విసిగిపోయి నరికేస్తారు.

నాతో పనిచేసే తోటమాలి ఆనందపురం వైపు మనిషి, నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద, మావా అని పిలుస్తాను. నేను నిచ్చెనెక్కి కొలతలు తీస్తుంటే కింద నుంచి అన్నాడు: "ఏటి బాబూ, ఆనప పాదుని ఎవుడైనా నిలబెడతాడా? పందిరెక్కించి పడుకోబెడితే గదా పిందె దిగుద్ది."

నాకు పుస్తకంలో తెలిసింది అదే. కొమ్మ నిటారుగా ఉన్నంతకాలం కొన దగ్గర తయారయ్యే ఆక్సిన్ కిందికి దిగుతూ, కింది కణుపుల్లోని కన్నుల్ని నిద్రలోనే ఉంచుతుంది. అందుకే కొనకే పువ్వు. కొమ్మని అడ్డంగా పడుకోబెడితే కొన పెత్తనం తగ్గిపోయి, పొడుగునా ఉన్న కన్నులన్నీ లేస్తాయి. ఒక్కో కన్నూ ఒక పక్క కొమ్మ, ఒక్కో పక్క కొమ్మకీ ఒక గుత్తి. మావ ఇదంతా ఆనప పందిరి దగ్గర చూసి నేర్చుకున్నాడు.

నవంబరు రెండో వారంలో, వానలు ఆగాయని తేల్చుకుని మొదలుపెట్టాం. ముందు రోజు నీళ్లు పెట్టలేదు. నిండా నీళ్లు తాగి ఉన్న కొమ్మ పెళుసుగా ఉంటుంది, కాస్త దాహంగా ఉన్నది మాట వింటుంది. పొద్దున కాకుండా మధ్యాహ్నం మూడింటికి వంచాం. పెన్సిల్ లావు కొమ్మలు ఒకే రోజు వంగాయి. బొటనవేలంత లావున్నవి మూడు. వాటిలో మొదటిదాన్ని తొందరపడి వంచితే కింద నుంచి రెండడుగుల దగ్గర కటుక్కుమని పగిలింది. సగం చీలింది, ఊడిపోలేదు. చీలిక కలిపి నొక్కి, అంటు కట్టే టేపుతో గట్టిగా చుట్టాం. అది అతుక్కుంది, ఇప్పటికీ ఆ చోట బుడిపె ఉంది. మిగతా రెండింటినీ ఒకేసారి వంచలేదు. మూడు వారాలపాటు, మూడు నాలుగు రోజులకోసారి ఒక జానెడు కిందికి లాగి కడుతూ పోయాం. లాగేటప్పుడు మావ ఎడమ అరచేతిని వంపు కింద ఆనించి, కుడిచేత్తో కొనని దించాడు. వంపు ఎక్కడ బిగుసుకుంటోందో ఆ అరచేతికి తెలుస్తుంది. నేను ఆ పని ఇప్పటికీ ఆయన అంత బాగా చేయలేను.

కట్టు కొబ్బరి పీచుతాడుతో వేశాం, ఎనిమిది అంకె ఆకారంలో, కొమ్మకీ తీగకీ మధ్య తాడు అడ్డం వచ్చేలా. తీగకి ముందువైపే కట్టాలి, కొమ్మని తీగల వెనక నుంచి దూర్చి అల్లకూడదు. అల్లితే చూడటానికి బాగుంటుంది గానీ, రెండేళ్ల తరవాత ముదిరిన కొమ్మ తీయాలంటే బయటికి రాదు. కొమ్మలు పూర్తిగా అడ్డంగా కాక, కొన కాస్త పైకి ఉండేలా విసనకర్రలా పరిచాం. తరవాత ముదురు ఆకులన్నీ చేత్తో గిల్లేశాం. మన చలి మొక్కని నిద్రపుచ్చదు కాబట్టి, ఆకు తీసి ఆ పని మనమే చేయాలి. మచ్చ పడిన ఆకులు కూడా దాంతో పోతాయి.

పన్నెండో రోజున పగిలి అతికిన కొమ్మని దగ్గరగా చూశాను. ఇరవై మూడు కణుపులు. పదిహేడింట్లో కన్ను ఉబ్బి, ఎర్రటి మొన బయటికి వచ్చి ఉంది. చీలిక దాటాక ఉన్నవి కూడా లేచాయి. అమ్మగారిని పిలిచి, కళ్లద్దాలు తెచ్చుకోమని, ఒక్కో కన్నూ చూపించాను. ఆవిడ వేలితో ముట్టుకోబోయి ఆగిపోయారు, పురిటి బిడ్డని చూసినట్టు చూశారు. "బతికింది" అన్నారు. ముప్ఫై ఏళ్లు ఆసుపత్రిలో ఆ మాట ఎన్నిసార్లు అని ఉంటారో.

డిసెంబరు చివరి వారంలో మొదటి గుత్తి విచ్చింది. 2023 సంక్రాంతి మర్నాడు, కనుమ రోజున, ఆవిడ మనవరాలు లెక్కపెట్టింది. విచ్చిన పువ్వులు నూట నలభై రెండు, మొగ్గలు లెక్కలో లేవు. అడుగు నుంచి పై తీగ దాకా గోడ తెల్లబడింది. మార్చి సగం దాకా ఆగకుండా పూసింది.

నీళ్లు, మచ్చలు, పురుగులు

2021 ఎండాకాలంలో ఆకుల అంచులు మాడాయి. పొటాష్ లోపమనుకుని పొటాష్ వేశాను, ఇంకా ముదిరింది. అప్పుడు బోరు నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు పెట్టి చూస్తే 1,400 దాటింది. గులాబీ ఉప్పుని తట్టుకోలేని మొక్క, దానికి నేను ఇంకో ఉప్పు వేశాను. వెంటనే మానేసి కుళాయి నీళ్లకి మారాం, అవి చాలని రోజుల్లో రెండు ఏసీల కింద బకెట్లు పెట్టి పట్టిన నీళ్లు కలిపాం. ఏసీ నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు. జూలై వానలు నేలని కడిగాక కొత్త ఆకు శుభ్రంగా వచ్చింది. గాలి బలంగా వీచిన మర్నాడు పొద్దున ఏడింటికి ఆకుల్ని మంచినీళ్లతో కడుగుతాం, గంటలో ఎండకి ఆరిపోతాయి. సాయంత్రం మాత్రం చుక్క నీరు ఆకు మీద పడనివ్వం. నల్లమచ్చ శిలీంధ్రం పట్టుకోవాలంటే ఆకు ఏడు గంటలకి పైగా తడిగా ఉండాలి. సాయంత్రం తడిపితే ఆ అవకాశం మన చేతులతో ఇచ్చినట్టే.

వానాకాలంలో మచ్చ ఎలాగూ వస్తుంది. రాలిన ఆకుని రోజూ ఏరి బయట పారేయడమే సగం వైద్యం. మిగతా సగానికి పదిహేను రోజులకోసారి మాంకోజెబ్ లీటరుకి రెండు గ్రాములు, మధ్యలో ఒకసారి కార్బెండజిమ్ లీటరుకి గ్రాము. తెల్ల పువ్వుకి తామర పురుగు పెద్ద బెడద, రేకు అంచు గోధుమరంగుకి తిరిగిపోతుంది, ఎర్ర గులాబీలో కనపడనిది ఇందులో దాగదు. నీలం జిగురు అట్టలు, వేపనూనెతో అదుపులో ఉంది. మార్చి తరవాత ఎర్రనల్లికి ఆకు అడుగున నీటి జల్లు చాలు.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజుల్లో ఇక్కడా ముసురు పట్టింది. మొగ్గలు విచ్చకుండానే గోధుమరంగు ఉండల్లా కుళ్లిపోయాయి, రెండు బకెట్లు కోసి పారేశాం. మందు కొట్టి లాభం లేదు. కోసేసి, వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్లు పోసి ఆగాం. నెలన్నరకి మళ్లీ గుత్తులు వచ్చాయి.

గుంపూ, గాలీ

కాటేజ్ తోట ఇంగ్లండ్ పల్లెల్లో పేదల పెరడుగా మొదలైంది. కూరగాయలు, మందు మొక్కలు, పూలు, పండ్ల చెట్టు అన్నీ ఒకే చోట. గెర్ట్రూడ్ జెకిల్ లాంటి తోటల రూపకర్తలు పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఆ పద్ధతిని పెద్ద తోటల్లోకి తెచ్చారు. మన పెరడు ఎప్పుడూ అంతే కదా, బంతి పక్కన వంగ, గోరింట కింద పుదీనా, బావి పళ్లెం దగ్గర కనకాంబరం. అందుకే అమ్మగారికి లావెండర్, ఫాక్స్‌గ్లవ్ తెప్పించలేదు. డిసెంబరాలు, కనకాంబరం, బంతి, బిళ్లగన్నేరు, నీలం సాల్వియా, కాస్మోస్, మరువం, రుద్రజడ, నాలుగు వంగ మొక్కలు వేశాం. గేటు దగ్గర మల్లె, సన్నజాజి. చలికాలంలో తెల్ల గోడ ముందు ఊదారంగు డిసెంబరాలు విచ్చినప్పుడు, ఆ ఫొటోలో లేనిది ఇక్కడ ఉందని ఆవిడే అన్నారు.

ఇక్కడే నాకూ ఆవిడకీ కాస్త వాదన నడిచింది. కాటేజ్ తోట అందమంతా కిక్కిరిసి ఉండటంలో ఉంది. తేమ నిండిన ఈ ఊళ్లో గులాబీ మొదట్లో అలా కిక్కిరిస్తే అడుగు ఆకు ఎప్పటికీ ఆరదు. 2022 వానల్లో కాస్మోస్ గులాబీ పాదు మీద పడి ఒరిగితే, ఆ వైపు ఆకంతా రెండు వారాల్లో రాలిపోయింది. అప్పటి నుంచి ఒక హద్దు పెట్టుకున్నాం. గులాబీ మొదలు చుట్టూ రెండడుగులు ఎండుటాకు కప్పడమే తప్ప మొక్క ఉండదు. ఆ తరవాత వరసలో జానెడు మించనివి, దాని తరవాతే ఎత్తువి. దూరం నుంచి చూస్తే ఖాళీ కనపడదు, గుంపే కనపడుతుంది.

ఇప్పుడు

ఏటా వానాకాలం ముగిసే సరికి ప్రతి మొక్కలోనూ బాగా ముదిరిన కొమ్మ ఒకదాన్ని అడుగుదాకా తీసి, ఆ ఏడాది వచ్చిన కొత్త కొమ్మకి ఆ చోటు ఇస్తున్నాం. పూసిన పక్క కొమ్మల్ని మాత్రం రెండు మూడు కన్నులు ఉంచి కత్తిరిస్తాం. కత్తెర పని అంతవరకే, అదీ నవంబరులో, పొడి వాతావరణం చూసుకుని. ఏప్రిల్ నుంచి జూన్ దాకా వచ్చే మొగ్గల్ని గిల్లేస్తాం. ఆ ఎండకి పువ్వు సగం సైజుకి తగ్గి సాయంత్రానికి వాడిపోతుంది, మొక్కకి శ్రమే మిగులుతుంది.

దక్షిణపు కొస దగ్గర, గన్నేరు వరస ఆగిపోయిన చోట, నాలుగడుగుల మేర గోడ ఇంకా పలచగానే ఉంది. గాలి అక్కడ మూల తిరిగి కొడుతుంది. గన్నేరు కొమ్మలు మూడు అక్కడ నాటాం, అవి తల ఎత్తడానికి ఇంకో రెండేళ్లు పట్టొచ్చు. పాత పొదని తీసేద్దామా అని అడిగితే అమ్మగారు ఒప్పుకోలేదు. వరండా మెట్ల పక్కకి మార్చాం. మట్టి మారాక ఆకు పచ్చబడింది, పొదగానే చక్కగా పూస్తోంది.

పోయిన వారం వెళ్లినప్పుడు కొత్త కొమ్మలు రెండు, ఒక్కోటీ తొమ్మిదడుగులు, నిటారుగా గోడ మీదికి చూస్తున్నాయి. మావ కింద నుంచి వేళ్లతో లావు చూసి, "ఇవి వంగుతాయిలే, కార్తీకం దాక ఒగ్గేయండి" అన్నాడు. అమ్మగారు పీచుతాడు కొత్త చుట్ట కొనిపెట్టారు. వరండా మేకుకి తగిలించి ఉంది.